నీడపట్టు ఉద్యోగంలో ఇన్‌స్పెక్షన్

మా వైపు వాళ్లకి దుబాయ్ అంటే బిల్డింగ్ పని, లేదంటే డ్రైవింగ్. జగిత్యాల, సిరిసిల్ల నుంచి వచ్చినవాళ్లలో చాలామంది ఇప్పటికీ ఎండలోనే పనిచేస్తారు. అందుకే నేను ఇండియన్ సిలబస్ స్కూల్లో లెక్కల టీచర్‌నని చెబితే హనుమకొండలో మా చుట్టాలు "నీడపట్టున ఉన్నవ్, నయమే బిడ్డా" అంటారు. ఆ నీడలో ఉండే టెన్షన్ పేరు ఇన్‌స్పెక్షన్.

దుబాయ్‌లో ప్రైవేటు స్కూళ్ల బాగోగులు చూసే ప్రభుత్వ సంస్థ కేహెచ్‌డీఏ. 2008-09 నుంచి దాని ఇన్‌స్పెక్టర్లు స్కూళ్లు తిరిగి, రిపోర్టు రాసి, ఎవరైనా చదువుకునేలా బయటపెడుతూ వచ్చారు. అవుట్‌స్టాండింగ్ నుంచి వెరీ వీక్ దాకా ఆరు మెట్లు. ఫీజు ఎంత పెంచుకోవచ్చో కూడా చాలా ఏళ్లు ఈ రేటింగ్‌ని బట్టే ఉండేది. అంటే మేనేజ్‌మెంటుకి పరువూ అదే, పైసలూ అదే. ఫీజు పెరిగిన ఏడాది మా జీతాలు పెరిగిన గుర్తు మాత్రం నాకు లేదు.

ఇన్‌స్పెక్టర్లు రాకముందే స్కూలు తన గురించి తాను ఒక పెద్ద ఫారం నింపాలి. పిల్లల చదువు, ప్రవర్తన, బోధన, సిలబస్, రక్షణ, యాజమాన్యం అని ఆరు భాగాలు. "మా దగ్గర లెక్కలు బాగా చెబుతారు" అని రాస్తే చాలదు, రుజువు పెట్టాలి. స్కూలు సొంతంగా పెట్టే పరీక్షల్లో అందరికీ తొంభైలు వేసి, బయటి పరీక్షలో అరవైలు వస్తే అక్కడే దొరికిపోతాం. రెండు మార్కులూ పక్కపక్కన పెట్టి చూస్తారు మరి.

క్లాసులో వాళ్లు చేసే పని నాకు మొదట్లో వింతగా తోచింది. నేను బోర్డు మీద భిన్నాలు చెబుతుంటే ఇన్‌స్పెక్టర్ నా వైపు పెద్దగా చూడలేదు. వెనక బెంచీలో ఒక అబ్బాయి పక్కన కూర్చుని, వాడి నోట్‌బుక్ తీసుకుని, నేను ఎర్ర ఇంకుతో "మళ్లీ చెయ్యి" అని రాసిన పేజీ దగ్గర ఆగింది. "టీచర్ ఇలా రాశాక నువ్వేం చేశావు?" అని అడిగింది. వాడు పేజీ తిప్పి, దిద్దుకున్న లెక్క చూపించాడు. ఆ తర్వాత నాతో మాట్లాడినప్పుడు కూడా వాడి గురించే. ఏడాది మొదట్లో ఎక్కడున్నాడు, ఇప్పుడెక్కడున్నాడు? పిల్లవాడి స్థాయి ఒక లెక్క, వాడు ముందుకు జరిగిన దూరం ఇంకో లెక్క. రిపోర్టులో రెండూ విడివిడిగా ఉంటాయి. నలభై నుంచి అరవై ఐదుకి వచ్చినవాడికి మా ఊళ్లో ఏ లెక్కలోనూ చోటుండదు.

నాటకం లేదని అనను. ఆ వారం గోడలకు కొత్త చార్టులు, కారిడార్‌లో పూలకుండీలు, టీచర్ల ముఖాల మీద నవ్వులు. అల్లరి పిల్లల్ని ముందు వరసలోకి మార్చమని పైనుంచి మాట వచ్చిన చోటా నేను పనిచేశాను. 2024-25లో పాత స్కూళ్లకు పూర్తిస్థాయి ఇన్‌స్పెక్షన్లు ఆపారన్నప్పుడు స్టాఫ్‌రూమ్‌లో పండగే అయింది.

మొన్న సెలవులకు హనుమకొండ వచ్చినప్పుడు తమ్ముడు కూతురి అడ్మిషన్ గురించి తిరుగుతున్నాడు. నయీంనగర్ రోడ్డు మీద ఫ్లెక్సీలన్నీ ర్యాంకులే.

"ర్యాంకు రాని పిల్లలు ఏమైండ్రో ఎక్కడన్న రాసిండ్రారా?" అన్నాను.

"అక్కా, మీ దుబాయ్ ముచ్చట్లు ఇక్కడ చెల్లయ్. స్కూలుకు గుర్తింపు ఉంది, చాలు."

గుర్తింపు సంగతి చూద్దాం. 2009 విద్యా హక్కు చట్టం ప్రకారం అది లేకుండా ప్రైవేటు బడి నడపకూడదు. గదులు, మరుగుదొడ్లు, తాగునీరు, ఆటస్థలం, లైబ్రరీ, పిల్లల సంఖ్యకు తగ్గ టీచర్లు ఉండాలి. ఫైర్ ఎన్‌ఓసీ, బిల్డింగ్ గట్టిదనానికి సర్టిఫికెట్ వేరే. ఇవన్నీ కావలసినవే, పిల్లల ప్రాణాలతో ముడిపడ్డవే. కానీ ఆ ఫైల్లో నోట్‌బుక్ తెరిచే కాగితం ఏదీ? రాష్ట్రానికో స్వతంత్ర ప్రమాణాల సంస్థ ఉండాలని, స్కూళ్ల వివరాలు జనానికి అందుబాటులో పెట్టాలని 2020 జాతీయ విద్యా విధానం చెప్పింది. సీబీఎస్‌ఈ కూడా తన స్కూళ్లు తమను తాము అంచనా వేసుకునేందుకు ఒక పద్ధతి పెట్టింది. వాటి గురించి అడిగే తల్లిదండ్రులు నాకైతే తగల్లేదు.

చివరికి నా పోరు పడలేక, ఎక్కడికెళ్లినా రెండు నోట్‌బుక్‌లు చూపించమని అడిగాడు మా వాడు. ఒక పెద్ద స్కూల్లో "ముందు ఫీజు వివరాలు చూడండి సార్" అన్నారట. గల్లీలో ఉన్న ఒక చిన్న బడిలో హెడ్‌మిస్ట్రెస్ అల్మారా తెరిచి కట్టకు కట్ట ముందు పెట్టిందట. టీచర్ రాసిన దాని కింద పిల్లలు దిద్దుకున్న లెక్కలు ఉన్నాయని వాడే ఫోన్‌లో ఫొటోలు తీసుకొచ్చి చూపించాడు. ఆ బడి బస్సు వాళ్ల కాలనీకి రాదట. మా మరదలు ఇప్పుడు ఆటో కిరాయి లెక్కల్లో ఉంది.