రిచ్‌మండ్ రోడ్డుకు ఉన్న రెండో పేరు

బెంగళూరులో రిచ్‌మండ్ రోడ్డు అంటే ఏ ఆటో అయినా కదులుతుంది. జనరల్ తిమ్మయ్య రోడ్డు అంటే డ్రైవరు ఒకసారి వెనక్కి తిరిగి చూస్తాడు. రెండూ ఒకటే. పక్కనున్న రెసిడెన్సీ రోడ్డుకు కరియప్ప పేరు. ఇద్దరూ కొడగువాళ్లే, ఇద్దరూ సైన్యాధిపతులే. తిమ్మయ్య అనగానే 1959లో రక్షణమంత్రి కృష్ణ మీనన్‌తో పడక రాజీనామా ఇచ్చి, నెహ్రూ చెబితే వెనక్కి తీసుకున్న సంగతే జనం ఎత్తుతారు. నన్నడిగితే ఆయన్ని తూచాల్సిన తక్కెడ జోజీ లా, కాశ్మీర్ లోయ నుంచి లడఖ్‌కు దారితీసే కనుమ.

1906లో మడికేరిలో పుట్టారు. బెంగళూరులోని బిషప్ కాటన్ బడిలో చదివి, శాండ్‌హర్స్ట్ వెళ్లి, 1926లో అధికారి అయ్యారు. చేరింది 19వ హైదరాబాద్ రెజిమెంట్. పేరు చూసి మనవాళ్ల పటాలం అనుకోకండి. నిజాం కంటింజెంటు అనే పాత దళం నుంచి వచ్చిన పేరది. జవాన్లలో ఎక్కువమంది కుమావోనీలు, అహీర్లు, జాట్లు. 1945లో దాని పేరే కుమావోన్ రెజిమెంట్‌గా మార్చారు. ఆ ఏడే బర్మాలోని అరకాన్ పోరుకు ఆయనకు డిస్టింగ్విష్డ్ సర్వీస్ ఆర్డర్ అనే బ్రిటిష్ సైనిక గౌరవం దక్కింది.

ఇక 1948, కాశ్మీర్ కోసం పాకిస్తాన్‌తో యుద్ధం. కార్గిల్, ద్రాస్ శత్రువు చేతికి పోయి, లడఖ్‌లోని లేహ్‌కు భూమార్గం తెగిపోయింది. మే 24న వైమానిక దళ అధికారి మెహర్ సింగ్ నడిపిన డకోటా విమానంలో తిమ్మయ్య స్వయంగా లేహ్‌లో దిగారు. లేహ్‌లో విమానం దిగడం అదే మొదలు. కానీ విమానాలు మోసే సరుకుతో ఎన్నాళ్లు? జోజీ లా కనుమ తెరుచుకోవాలి. చలికాలం ముదిరితే మంచు దాన్ని మూసేస్తుంది.

జోజీ లా ఎత్తు సుమారు 11,500 అడుగులు. రెండు వైపులా నిట్టనిలువు గోడలు, మధ్యలో ఇరుకు సందు. రాళ్ల మాటున, గుహల్లో మెషిన్‌గన్లు. సెప్టెంబరులో 77వ పారా బ్రిగేడ్ చేసిన దాడి విఫలమైంది. కాల్బలం సందులోకి అడుగుపెడితే తల దాచుకునే చోటు లేదు, అదీ చిక్కు. ఇంకో బ్రిగేడ్‌ను పంపినా అదే గతి. మెషిన్‌గన్ గుండుకు చిల్లుపడనిది కావాలి. అంటే ట్యాంకు.

7వ కావల్రీ దగ్గర స్టువార్ట్ తేలిక ట్యాంకులున్నాయి. తేలిక అన్నా ఒక్కోటి 15 టన్నులకు తక్కువ కాదు. వాటి టరెట్లు, అంటే ఫిరంగి ఉండే పైభాగాలు, ఊడదీసి, జమ్మూ వైపు నుంచి శ్రీనగర్ మీదుగా రహస్యంగా తరలించారు. టరెట్ లేకపోతే బరువు తగ్గుతుంది, చూసినవాడికి ట్యాంకని తోచదు. కనుమ కింద ఉన్న బాల్తాల్ చేరాక మళ్లీ బిగించారు.

అసలు పని అక్కడినుంచే. బాల్తాల్ నుంచి పైకి ఉన్నది కంచరగాడిదలు నడిచే బాట. మేజర్ తంగరాజు ఆధ్వర్యంలో మద్రాస్ సాపర్లు, అంటే సైన్యంలో దారులు వేసే ఇంజనీరింగ్ దళం, ఆ బాటను ట్యాంకు పట్టేంత వెడల్పు చేశారు. వీళ్ల స్థావరం మన బెంగళూరు అలసూరు చెరువు ఒడ్డునే ఉంది. తెలుగు జవాన్లు కూడా ఉన్న దళమిది. ఎంత వీరుడైనా ఆ దారి లేకుండా ట్యాంకు పైకెక్కేది కాదు. జనరల్ ధైర్యం గురించి రాసేవాళ్లు పారపట్టిన చేతుల్ని ఒక్క వాక్యంలో దాటేస్తారు. నాకు నచ్చనిది అదే.

మంచు వల్ల దాడి వాయిదా పడుతూ వచ్చి, చివరికి నవంబరు 1న మొదలైంది. మేజర్ జనరల్ హోదాలో ఉన్న డివిజన్ కమాండరు తిమ్మయ్యే ముందు ట్యాంకులో కూర్చున్నారు. అంత ఎత్తుకు ట్యాంకు వస్తుందని ఎదుటివాళ్లు ఊహించలేదు. కనుమ ఆ రోజే చేతికి వచ్చింది. నవంబరు మధ్యకు ద్రాస్, 24కు కార్గిల్.

ఆయన పేరు పక్కన ఎప్పుడూ కనిపించే రెండు గౌరవాల్లో ఒకటి బర్మాది. రెండోది పద్మభూషణ్, 1954లో. అంతకు ముందు కొరియాలో, స్వదేశానికి తిరిగి వెళ్లబోమని చెప్పిన 22 వేలకు పైగా యుద్ధఖైదీల వ్యవహారం చూసిన తటస్థ దేశాల కమిషన్‌కు ఆయన అధ్యక్షులు. ఖైదీలను ఒప్పించడానికి ఇచ్చిన గడువు అయిపోయినా చాలామంది కదల్లేదు. ఆ రెండు గౌరవాలూ జోజీ లావి కావు.

1957 నుంచి 1961 దాకా సైన్యాధిపతి. 1964లో ఐక్యరాజ్యసమితి దళానికి కమాండరుగా సైప్రస్ వెళ్లి, 1965 డిసెంబరు 18న అక్కడే కన్నుమూశారు. మరుసటి ఏడాది ఆ దేశం ఆయన స్మారకంగా తపాలా బిళ్ల వేసింది.