ట్రాన్స్‌ఫర్ కేసు లీకూ, ట్యూబు మీద నిందా

"సదీక్, సిలికాన్ మాఫీ!" అంటే, "మిత్రమా, సిలికాన్ వద్దు!"

షార్జా సనాయకు, అంటే గ్యారేజీలుండే పారిశ్రామిక వాడకు, పాత 80 సిరీస్ టయోటా ల్యాండ్ క్రూయిజర్ తెచ్చిన అరబ్బు పెద్దాయన తాళం చేతికివ్వకముందే పెట్టిన షరతు ఇది. కారణం లేకపోలేదు. గేర్‌బాక్సు వెనక ఉండి ముందు, వెనక చక్రాలకు బలం పంచే ట్రాన్స్‌ఫర్ కేసు కారుతోందని అంతకుముందు ఎక్కడో చూపిస్తే, కేసు అతుకుల వెంట బయటినుంచే ట్యూబులో వచ్చే ఎర్ర సిలికాన్ మందు మెత్తి పంపారు. కొన్నాళ్లకే మళ్లీ ఆయిలు, దానికి అంటుకున్న ఇసుక ముద్దలు. కోపం న్యాయమే. గుచ్చుకున్నది ఆ తర్వాతి మాట. హిందీ (ఇక్కడి అరబ్బుల మాటలో భారతీయ) మెకానిక్కులకు ట్యూబు పిండటం తప్ప ఇంకేం రాదట.

రాదా? విజయవాడ ఆటోనగర్‌లో ప్యాకింగ్ షీటును కేసు మొహం మీద పరిచి, గుండు సుత్తితో అంచులు తట్టుకుంటూ పోయి, బోల్టు కన్నాల మీద బేరింగ్ గోళీ పెట్టి ఒక్క దెబ్బ వేసి, కత్తెర ముట్టుకోకుండా గ్యాస్కెట్ తీసే చేతులు మనవి. దాని మీద అనాబాండ్ అనే ట్యూబు మందు పల్చగా రాస్తే చాలు, జీపు ఘాట్ ఎక్కి దిగేది. ఇక్కడ షార్జాలో అంత శ్రమ అక్కర్లేదు. కౌంటర్లో పార్ట్ నంబరు చెబితే అసలైన సీలు, అంటే తిరిగే షాఫ్టు చుట్టూ ఆయిలును ఆపే రబ్బరు రింగు, చేతికొస్తుంది. ఆ సుఖాన్ని మెచ్చుకోవలసిందే. కాకపోతే ఆ సుఖానికి అలవాటుపడ్డ చోట సీలు ఎందుకు పోయిందని అడిగేవాళ్లు తగ్గిపోయారు. కారితే మార్చెయ్, మళ్లీ కారితే మళ్లీ మార్చెయ్.

ఇంతకీ ఆ పెద్దాయనకు తెలియని సంగతి ఒకటుంది. ఆ కేసును టయోటా బిగించిందే ట్యూబు మందుతో. ఈ బండిలో ఉండే హెచ్‌ఎఫ్2ఏ రకం కేసు ప్రధాన అతుకుల మధ్య కాగితపు ప్యాకింగ్ ఉండదు. టయోటా మరమ్మతు పుస్తకం చెప్పేది 08826-00090 నంబరు సీల్ ప్యాకింగ్, లేదంటే త్రీబాండ్ 1281. కాబట్టి తప్పు మందుది కాదు. లోపల రెండు మొహాల మధ్య ఉండాల్సినదాన్ని బయట పూయడమే తప్పు. లోపలినుంచి వేడి ఆయిలు తోస్తుంటే, జిడ్డు అల్యూమినియం మీద బయటి పూత ఎన్నాళ్లు పట్టుకుంటుంది? పైగా అది అసలు లీకును కప్పేస్తుంది, తర్వాత చూసేవాడికి జాడ దొరకదు.

కాబట్టి మొదటి పని ఆ మెత్తినదంతా గీకెయ్యడం. ప్లాస్టిక్ గీకుడు బిళ్ల వాడాలి. ఇనుప ఉలి పెడితే అల్యూమినియం మీద గాట్లు పడి కొత్త లీకులు మనమే పుట్టించినట్టు. తర్వాత ఇంజిన్ వెనక నుంచి, వెనక షాఫ్టును బిగించే రియర్ ఫ్లాంజి దాకా డీగ్రీజర్‌తో కడిగి, గాలి కొట్టి ఆరబెట్టి, అతుకుల మీదా సీళ్ల చుట్టూ ముఖానికి రాసుకునే పౌడరు చల్లి, బండిని వేడెక్కేదాకా హైవే మీద తిప్పి రావాలి. నడిచేటప్పుడు గాలి ఆయిలును వెనక్కి తోస్తుంది గనక కింద కారే చోటు చాలాసార్లు అసలు చోటు కాదు. అన్నిటికన్నా పైన, ముందువైపు తడిసిన చోటును చూడాలి. నల్లగా ఉంటే ఇంజిన్ వెనక సీలు నుంచి జారి వచ్చిన ఆయిలు, కేసును నిందించి లాభం లేదు. ఎర్రగా పల్చగా ఉంటే ఆటోమేటిక్ గేర్‌బాక్సుది. గంధకం వాసన కొడితే అది గేర్ ఆయిలు, అప్పుడు కేసు దగ్గరికి రావచ్చు.

సీలు ఆర్డరివ్వకముందే, కేసులో ఆయిలు పోసే కన్నానికి ఉండే ఫిల్లర్ ప్లగ్గు విప్పి చూడాలి. బండి సమంగా ఉన్న నేల మీద ఉండాలి, 24 బాక్సు పానా పడుతుంది. ఆయిలు కన్నం కింది అంచు దగ్గర ఉంటే సరే. ప్లగ్గు తీయగానే ధారగా దూకిందంటే రియర్ సీలు మార్చి ఉపయోగం లేదు. గేర్‌బాక్సుకూ ట్రాన్స్‌ఫర్‌కూ మధ్య ఉన్న లోపలి సీలు పోయి, అటు నుంచి ఇటు చేరిన ఆయిలు మట్టం పెంచేసి, బయటి సీలు మీంచి పొర్లుతోందన్నమాట. ఆటోమేటిక్ బండిలో దీన్ని పట్టుకోవడం తేలిక, వచ్చిన ఆయిల్లో ఎరుపు కలిసి ఉంటుంది, గేర్‌బాక్సు డిప్‌స్టిక్ మీద మట్టం తగ్గి ఉంటుంది. మాన్యువల్ గేరు బండిలో రెండింట్లోనూ గేర్ ఆయిలే గనక రంగు చెప్పదు. రెండు ప్లగ్గులూ విప్పి ఒకటి తక్కువ, ఇంకొకటి ఎక్కువ ఉందేమో చూడాలి. ఒక్కోసారి ఇది తిరగబడి, ట్రాన్స్‌ఫర్ ఎండిపోయి గేర్‌బాక్సు నిండుతుంది. బయట చుక్క కారకుండా కేసు ఖాళీ అయ్యే రకం అది, అందుకే ప్రమాదం. ఇలాంటప్పుడు కేసు దించక తప్పదు. జాకీ కిందే దించాలి, ఛాతీ మీద ఆన్చుకుని దించే కుర్రాళ్ల ధైర్యం చూసి మురవద్దు.

తర్వాత బ్రీదర్. ఎడారిలో తిరిగే బండికి ఇదే సగం జబ్బు. వేడెక్కితే కేసులో గాలి ఉబ్బుతుంది, ఉబ్బిన గాలి పైకి పోయే గొట్టం ఇసుకతో పూడుకుపోతే సీలు పెదవి కిందనుంచి ఆయిలును తోసుకుంటూ బయటపడుతుంది. ఊళ్లో తిరిగితే పొడిగా ఉండి, దూరం పోయొచ్చాక మాత్రమే తడిసే బండి అయితే ముందు దీన్నే అనుమానించండి. వేడి మీద ఫిల్లర్ ప్లగ్గు వదులు చేస్తే బుస్సుమని గాలి వస్తుంది. గొట్టం విప్పి అటువైపు నుంచి గాలి కొట్టి, ఎండకు పగిలిన రబ్బరు అయితే మార్చి, పై కొస వీలైనంత ఎత్తున కట్టాలి. దాదాపు ఖర్చే లేని మరమ్మతు, అందుకే బిల్లులో కనపడదు, అందుకే ఎవరూ చెయ్యరు.

ఇవన్నీ దాటాక, రియర్ అవుట్‌పుట్ సీలే, అంటే వెనక షాఫ్టు వైపు సీలే, పోయిందని తేలితే అసలు పని. మొట్టమొదట చక్రాలకు దిమ్మలు పెట్టండి. ఈ బండి ఎప్పుడూ నాలుగు చక్రాల మీద నడిచే రకం, మధ్యలో, ముందు వెనక చక్రాలు వేర్వేరు వేగాల్లో తిరగనిచ్చే డిఫరెన్షియల్ ఉంటుంది. ఒక ప్రొపెల్లర్ షాఫ్ట్ విప్పేశాక గేరు పార్కులో ఉన్నా బండి దొర్లగలదు. షాఫ్టుకీ ఫ్లాంజికీ కలిపి గుర్తు గీసుకుని నాలుగు బోల్టులూ తీయాలి. షాఫ్టు కొసల కీళ్లయిన క్రాసుల్లో ఆట, అంటే వదులు, ఉందేమో అప్పుడే చూసుకోవచ్చు. తర్వాత ఫ్లాంజిని చేత్తో పట్టుకుని పైకీ కిందికీ కుదపాలి. ఆట తెలిసిందా, బేరింగు పోయినట్టే. ఊగే షాఫ్టు మీద ఏ కొత్త సీలూ నిలవదు. "సీలు వేసినా కారుతోంది" అని తిరిగొచ్చే బండ్లలో చాలావాటికి ఈ కుదుపు పరీక్ష జరిగి ఉండదు.

నట్టు 30 సైజు. దాని అంచును షాఫ్టు గాడిలోకి నొక్కి ఉంచుతారు, ఆ నొక్కును పంచుతో లేపకుండా విప్పితే థ్రెడ్లు పోతాయి. నట్టు కొత్తదే వెయ్యాలి. ఫ్లాంజి తీశాక సీలు పెదవి ఆనే చోట గోరు గీయండి. గోరు తట్టుకునేంత గాడి పడి ఉంటే, గాడిలో కూర్చునే కొత్త సీలు పాతదాని దారే పడుతుంది. సీలును ఒకటి రెండు మిల్లీమీటర్లు ముందుకో వెనక్కో కూర్చోబెడితే కొత్త జాగా దొరుకుతుంది. లేదా సన్నని స్టీలు తొడుగు ఎక్కించవచ్చు. ఎస్‌కేఎఫ్ స్పీడీ స్లీవ్ మందం 0.28 మిల్లీమీటర్లే, సీలు సైజు మారదు. లేదంటే కొత్త ఫ్లాంజి. మన దగ్గరైతే పక్క వీధి లేత్ మిషన్ ఆయన వెల్డింగు నింపి తిప్పి ఇచ్చేవాడు. అంత చక్కటి పనిని ఇక్కడ నాటుపని అంటారు. ఎమెరీ కాగితం మాత్రం చుట్టూ తిప్పే రుద్దాలి, పొడుగునా గాని ఏటవాలుగా గాని కాదు. ఏటవాలు గీతలు స్క్రూ మరల్లాగా పనిచేసి ఆయిలును బయటికి తోడేస్తాయి.

సీలు వెనక ఉండే చిన్న స్ప్రింగు, పొడిగా సుత్తి వేస్తే ఊడి లోపల పడుతుంది. ఆ గాడిలో గ్రీజు నింపితే కదలదు. పాత సీలు ఎంత లోతులో ఉందో కొలుచుకుని, కొత్తదాని మీద సీలంత వెడల్పున్న గొట్టం ముక్క ఆన్చి, చుట్టూ సమంగా కొట్టాలి. పెదవికి గ్రీజు రాయాలి. ఇక్కడా ట్యూబుకు న్యాయమైన పని ఒకటుంది. కొన్నిసార్లు ఆయిలు సీలు దగ్గర కాక, ఫ్లాంజి లోపలి పళ్ల సందుల్లోంచి వచ్చి నట్టు చుట్టూ తడుస్తుంది. ఫ్లాంజి ఎక్కించేముందు ఆ పళ్ల బయటి కొసకు మందు పల్చగా రాస్తే ఆ దారి మూసుకుంటుంది. నట్టు బిగువు 118 న్యూటన్ మీటర్లు. స్పీడో సెన్సార్ ఓ-రింగు కూడా అప్పుడే మార్చేయండి, మళ్లీ దానికోసం పడుకోనక్కర్లేదు.

కేసు అతుకే కారితే మాత్రం విడదీయాలి. రెండు మొహాలూ బ్రేక్ క్లీనర్‌తో తుడిచి, తడి వేలిముద్ర కూడా లేకుండా చూసి, సన్నని గీత ఎక్కడా తెగకుండా, బోల్టు కన్నాలకు లోపలివైపు నుంచి పోనివ్వాలి. లావుగా పెడితే బలం అనుకోకండి. పొంగింది లోపలికే పడుతుంది, తెగి ఆయిల్ దారుల్లో ఇరుక్కుంటుంది. పైపొర కట్టకముందే మూసి, ఎదురెదురు బోల్టులు కొద్దికొద్దిగా బిగించాలి. లోపలికి దూరే బోల్టుల మరలకూ రాయాలి, వాటి వెంటా ఆయిలు వస్తుంది. ఆ రాత్రి ఆయిలు పొయ్యకూడదు. "బుక్రా" (రేపు) అంటే ఖాతాదారు మొహం మాడుతుంది, గ్యారేజీ యజమాని మొహం ఇంకా మాడుతుంది. అయినా అనాలి. సాయంత్రానికల్లా బండి ఇచ్చెయ్యాలన్న తొందరే చాలా మంచి చేతులకు ఈ చెడ్డ పేరు తెచ్చింది.

ఆయిలు 75డబ్ల్యూ-90, జీఎల్-4 గాని జీఎల్-5 గాని, 1.7 లీటర్లు. పాతది వదిలేముందు ఫిల్లర్ ప్లగ్గు విప్పుకుని ఉండాలి. అది పట్టేసి రాకపోతే ఖాళీ కేసుతో బండి లిఫ్టు మీదే ఉండిపోతుంది. ప్లగ్గులకు కొత్త వాషర్లు వేసి 37 న్యూటన్ మీటర్లకు బిగిస్తే చాలు. చిక్కటి 140 ఆయిలు పోస్తే కారడం తగ్గినట్టు కనిపిస్తుంది, అది లీకు ఆగడం కాదు. రబ్బరును ఉబ్బించే డబ్బా మందులూ అంతే. బండి ఎడారికి పోయొచ్చాక, చల్లారనిచ్చి, ఫిల్లర్ ప్లగ్గు ఇంకోసారి తీసి చూడాలి. మట్టం పెరిగితే లోపలి సీలు, తగ్గితే ఇంకెక్కడో అతుకు, లేదా అదే లోపలి సీలు గుండా గేర్‌బాక్సులోకి పోతున్నట్టు.