కొపాన్‌లో పదహారుమంది రాజులు

మధ్య అమెరికాలో ఒకప్పుడు వెలిగిన మాయా నాగరికత కట్టడాలు చూడాలనుంది అంటే చాలు, అందరూ మెక్సికోలోని చిచెన్ ఇట్సాకే వెళ్ళమంటారు. మేం గ్వాటెమాలా నుంచి సరిహద్దు దాటి హోండురాస్‌లోని కొపాన్‌కి వెళ్ళాం, ఒకే వంశపు పదహారుమంది మాయా రాజులు ఏలిన పాత నగరమది. నాకు పిరమిడ్ల ఎత్తు కంటే శిల్పాల మీద మక్కువ. అందుకు కొపాన్‌ని మించింది లేదు. ఇక్కడిది లేత పచ్చ ఛాయ ఉన్న అగ్నిపర్వతపు రాయి, మెత్తగా చెక్కుడుకు లొంగుతుంది. ఇనుమే ఎరగని శిల్పులు రాతి పనిముట్లతోనే మనిషిని దాదాపు నిలువునా రాతిలోంచి బయటికి తీసేశారు.

గేటు దగ్గరే ఎర్ర మకావ్ చిలుకల గోల. లోపల బంతాట మైదానం గోడల మీదా వాటి తలలే చెక్కి ఉన్నాయి.

పెద్ద మైదానంలో ఉన్న నిలువు శిలలు చాలావరకు 13వ రాజువే. ఒకదాని ముందు చాలాసేపు నిలబడిపోయాను. గుండెల మీదికి చేర్చిన చేతులు, ఒక్కో వేలూ విడిగా, చెప్పుల ముడులతో సహా. ఇంకో శిల మడతల్లో ఎర్ర రంగు ఇప్పటికీ కనిపిస్తోంది. ఈ రాజు క్రీ.శ. 725లో పక్కనున్న కిరిగ్వా నగరపు గద్దె మీద ఒకణ్ణి తనే కూర్చోబెట్టాడు. 738లో వాడే ఈయన్ని పట్టుకుని తల నరికించాడు.

ఆ దెబ్బ తర్వాత కొపాన్ చేసిన పని నన్ను కదిలించింది. 15వ రాజు 755లో గుడి మెట్లను పెంచి, వంశ చరిత్రంతా వాటి మీద చెక్కించాడు. రెండు వేలకు పైగా అక్షరాలు! మాయా రాతల్లో ఇంత పొడవైనది ఇంకెక్కడా దొరకలేదు. తర్వాతెప్పుడో మెట్లు కూలాయి. 1930లలో తిరిగి పేర్చేనాటికి ఆ లిపి ఇంకా ఎవరికీ చదవడం రాదు. అడుగు మెట్లు తప్ప మిగతా రాళ్ళు చాలా వరకు వరస తప్పే కూర్చున్నాయి. పైన వాన పడకుండా గుడ్డ కప్పు వేశారు. తాడు ఇవతల నుంచే చూడాలి, అలాగే ఉండాలి కూడా.

మ్యూజియం మాత్రం మానుకోవద్దు. 776 నాటి అసలు రాతి బలిపీఠం, 'క్యూ' (Q) అనే అక్షరంతో పిలిచేది, అందులోనే ఉంది. నాలుగు వైపులా నలుగురేసి రాజులు, దాదాపు అందరూ రాతిలో చెక్కిన తమ తమ పేర్ల మీదే బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు. ఒకప్పుడు దీన్ని జ్యోతిష్కుల సభ అనుకున్నారట. మా వదిన చుట్టూ తిరిగి, "మొదటాయన ఎవరమ్మా?" అంది. "ఇదిగో వదినా, కళ్ళకి గుండ్రటి చట్రాలున్నాయే, ఆయన" అని చూపించాను. 426లో రాజ్యం మొదలుపెట్టిన యాష్ కుక్ మో. ఎదురుగా ఉన్న 16వ రాజు యాష్ పసాహ్‌కి రాజదండం అందిస్తున్నాడు. ఇద్దరి మధ్యా మూడు వందల యాభై ఏళ్ళు! ఈ పీఠం దగ్గర తవ్వితే చిరుతపులి లాంటి పదిహేను జాగ్వార్ల ఎముకలు దొరికాయి, గడిచిపోయిన ఒక్కో రాజుకీ ఒక్కోటి.

వెళ్ళేవాళ్ళు ముందు మ్యూజియంలో ఈ పదహారుమందినీ పరిచయం చేసుకుని, తర్వాత మైదానంలోకి నడవండి. అప్పుడు ఏ శిల ముందు నిలబడ్డా, అది ఎవరో తెలిసే నిలబడతారు.