రాజమండ్రి మ్యూజియాల్లో ఏం చూడాలి, ఎలా చూడాలి

రాజమండ్రి వచ్చినవాళ్ళు రేవులో స్నానం చేసి, రోజ్‌మిల్క్ తాగి, బ్రిడ్జి దగ్గర ఫొటో దిగి వెళ్ళిపోతారు. ఇంకొక్క పూట ఆగితే మూడు మంచి మ్యూజియాలు చూడొచ్చు. శుక్రవారం మాత్రం పెట్టుకోకండి, ప్రభుత్వ మ్యూజియాలకు ఆ రోజు సెలవు. గబగబా తిరిగితే మూడింట్లోనూ చేతికి ఏమీ అందదు. ఒక్కోదాన్ని చూసే పద్ధతి ఒక్కోలా ఉంటుంది.

పొద్దున్నే గోదావరి ఒడ్డునున్న రాళ్ళబండి సుబ్బారావు మ్యూజియానికి వెళ్ళండి. రాజరాజనరేంద్రుడి పట్టాభిషేకానికి తొమ్మిది వందల ఏళ్ళు నిండిన 1922లో ఈ ఊళ్ళో ఆంధ్రేతిహాస పరిశోధక మండలి పుట్టింది. దాన్ని నిలబెట్టిన మనిషి సుబ్బారావు గారు. అందరూ విగ్రహాల దగ్గర ఆగుతారు గానీ, రాగిరేకుల దగ్గర ఆగరు. నన్నడిగితే అసలు సొత్తు ఆ రేకులే.

తూర్పు చాళుక్యుల దానశాసనమంటే సాధారణంగా మూడు నుంచి ఐదు రేకులు, ఒక కడియానికి గుచ్చి ఉంటాయి. కడియం కొసలు కలిసేచోట ముద్ర ఉంటుంది. దాని మీద వరాహం, సూర్యచంద్రులు, అంకుశం, ‘శ్రీ త్రిభువనాంకుశ’ అన్న అక్షరాలు వెతకండి. మొదటి రేకు పైవైపు సాధారణంగా ఖాళీగా వదిలేవారు, రాత అరిగిపోకుండా. అంచులు కాస్త ఎత్తుగా ఉండేది కూడా అందుకే, రేకులు ఒకదానికొకటి ఒరుసుకున్నా అక్షరం చెడదు. కడియం తెగి ఉంటే పాడైపోయిందనుకోకండి, చదవడానికీ అచ్చు తీయడానికీ పండితులే కోసి ఉండొచ్చు. రాజుల వంశమంతా సంస్కృతంలో సాగుతుంది. దానమిచ్చిన ఊరి పొలిమేరల దగ్గరికి వచ్చేసరికి చెరువులూ పుట్టలూ చెట్ల పేర్లతో తెలుగు తొంగిచూస్తుంది. వెయ్యేళ్ళ కిందటి మన మాట అది. అయితే ఎదురుగా నిలబడి చూస్తే ఉత్త రాగిముక్కలా ఉంటుంది. వెలుతురు పక్కవాటుగా పడాలి, అప్పుడు గాట్లలో నీడ నిలిచి అక్షరం తేలుతుంది. సిబ్బందిని అడిగి, సెల్‌ఫోన్ లైటు అద్దాలపెట్టె పక్కనుంచి పట్టి చూడండి.

అదే లైటు దామెర్ల రామారావు ఆర్ట్ గ్యాలరీలో తీయొద్దు. నీటిరంగులు వెలుతురుకి వెలిసిపోతాయి, వెలిసిన రంగు మళ్ళీ రాదు. రామారావు గారు 1897లో ఈ ఊళ్ళోనే పుట్టి, 1925లో మశూచితో పోయారు. ఇరవై ఎనిమిదేళ్ళు నిండలేదు. ఇక్కడి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే ఆ చేతి పనితనం గుర్తించి, బొంబాయి జె.జె. ఆర్ట్ స్కూల్లో చదువుకోవడానికి సాయపడ్డారు. రామారావు గారు పోయాక ఆయన పెట్టిన చిత్రకళాశాలను మిత్రుడు వరదా వెంకటరత్నం గారు నడిపించారు. బొమ్మ ముందు నిలబడ్డప్పుడు రంగు కంటే ముందు గీత చూడండి. మెడ నుంచి భుజం మీదుగా చేతి దాకా ఎక్కడా తెగకుండా ఎలా దిగిందో గమనించండి. తర్వాత నాలుగడుగులు వెనక్కి వచ్చి మళ్ళీ చూడండి. అద్దంలో కిటికీ మెరుస్తుంటే ఒక అడుగు పక్కకి జరిగితే సరి.

భోజనమయ్యాక ధవళేశ్వరం. ఏడెనిమిది కిలోమీటర్లు, ఆటోలో వెళ్ళిపోవచ్చు. గోదావరి మీద ఆనకట్ట కట్టించిన ఇంగ్లీషు ఇంజనీరు ఆర్థర్ కాటన్ పేరిట ఉన్న మ్యూజియంలో నమూనాల్ని పిల్లలు ఆటబొమ్మల్లా చూసేసి బయటికి పరిగెడతారు. వాళ్ళని ఆపి, ముందు ఆనకట్ట నాలుగు భాగాలు చూపించండి: ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం. లంకల (నది మధ్య దిబ్బల) నడుమ నది వెడల్పుగా పరుచుకుంటుంది కాబట్టి వరద పల్చబడి కట్ట మీదుగా దాటుతుంది. రాయికి ధవళేశ్వరం కొండ పక్కనే ఉంది. కట్ట నిలిచిందేమో ఇసుక మీద. ఇసుకలోకి బావులు దింపి, వాటి మీద గోడలు లేపి, మధ్య నింపి, పైన సున్నంతో రాతిపని చేశారు. కట్ట మీంచి దూకే నీరు దిగువ ఇసుకని తోడేస్తుంది, అలాంటి కట్టడాలు కూలేది అక్కడే. అందుకని కింద పెద్ద బండలు పరిచారు. ఇసుక కోసుకుపోతే బండ ఆ గోతిలోకే దిగి దాన్ని పూడుస్తుంది, పైన మళ్ళీ బండలు వేస్తారు. కావేరి మీద చోళులు కట్టిన కల్లణై ఆనకట్ట చూసి కాటన్ నేర్చుకున్న కిటుకు ఇది. 1847లో మొదలైన పని 1852కి పూర్తయింది. ఆయన పక్కన నిలిచి పని నడిపించిన వీణెం వీరన్న గారి పేరు కూడా పిల్లలకి చెప్పండి, పాఠాల్లో తక్కువగా వినిపించే పేరు.

ఎండ తగ్గాక, ఆ పాత ఆనకట్ట స్థానంలో వచ్చిన బ్యారేజీ దగ్గరికి నడవండి. ఇప్పుడున్నవి 175 గేట్లు. ధవళేశ్వరం వైపు 70, ర్యాలి 43, మద్దూరు 23, విజ్జేశ్వరం 39. నీటిమట్టం 11.75 అడుగులైతే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. వరదల్లో టీవీలో వినే ఆ అంకెలు ఈ మట్టం కొలతలే.