వాగు నీళ్లలో వన్యప్రాణుల జాడ

జంపన్న వాగులో ఏయే చేపలు బతుకుతున్నాయో, ఏటూరునాగారం అడవి నుంచి ఏ జంతువు దిగివచ్చి అందులో నీళ్లు తాగి వెళ్లిందో తెలుసుకోవడానికి ఇప్పుడు వలలు, కెమెరాలే కాక మరో మార్గం కూడా ఉంది. నీటిలో తిరిగే ప్రతి ప్రాణీ చర్మపు పొరలు, జిగురు, మలమూత్రాల ద్వారా తన డీఎన్‌ఏను కొద్దికొద్దిగా విడుస్తూనే ఉంటుంది. వాగు నీటిని సన్నటి ఫిల్టరు గుండా వడకట్టి, దానిపై మిగిలిన పదార్థం నుంచి డీఎన్‌ఏను వేరుచేసి, పీసీఆర్ పద్ధతిలో లక్షల ప్రతులుగా పెంచి, అందులోని అక్షరక్రమాన్ని, అంటే డీఎన్‌ఏలోని రసాయన అక్షరాల వరుసను, ముందే నమోదు చేసి ఉంచిన వివిధ జాతుల అక్షరక్రమాలతో పోల్చి చూస్తారు. దీనినే పర్యావరణ డీఎన్‌ఏ పద్ధతి అంటున్నారు.

ఫ్రాన్స్‌లోని కుంటల నుంచి తీసిన నీటి నమూనాలలో అమెరికన్ బుల్‌ఫ్రాగ్ అనే పరాయి కప్ప ఉనికిని ఈ విధంగా పట్టుకోవచ్చని 2008లో పరిశోధకులు చూపించారు. మన హైదరాబాద్‌లో కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రమైన సీసీఎంబీకి చెందిన లాకోన్స్ అనే వన్యప్రాణి సంరక్షణ ప్రయోగశాల శాస్త్రవేత్తలు ఒడిశాలోని చిలికా సరస్సు జీవవైవిధ్యాన్ని ఇదే మార్గంలో పరిశీలించారు. ఇంత నైపుణ్యం మన రాష్ట్రంలోనే ఉన్నప్పుడు, పాకాల, ఏటూరునాగారం అభయారణ్యాల వాగులు కూడా ఈ పరిశీలనలోకి రావాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను.

అయితే మన వాగుల స్వభావాన్ని లెక్కలోకి తీసుకోకుండా ఈ పని మొదలుపెడితే ఫలితం తప్పుదారి పట్టిస్తుంది. వానాకాలంలో వాగు పొంగినప్పుడు నీరు విపరీతంగా పెరిగి డీఎన్‌ఏ పలచబడుతుంది, ఒండ్రు వల్ల ఫిల్టరు కొద్దిసేపటికే మూసుకుపోతుంది, పైగా దొరికిన జాడ ఎంత ఎగువ నుంచి కొట్టుకొచ్చిందో చెప్పడం కష్టం. ప్రవాహం ఉన్నంతకాలం ఒక చోట తీసిన నమూనా ఆ ఒక్క చోటి గురించి మాత్రమే చెప్పదు; కొన్ని సందర్భాలలో కిలోమీటర్ల దూరం నుంచి వచ్చిన జాడ కూడా అందులో ఉంటుంది. వేసవిలో ఇందుకు భిన్నం. వాగు తెగి మడుగులుగా మిగిలినప్పుడు చేపలన్నీ ఆ కొద్ది నీటిలోనే చేరతాయి, జింకలు, అడవిపందులు అక్కడికే వచ్చి దాహం తీర్చుకుంటాయి. ఎండ వేడికి, అతినీలలోహిత కిరణాలకు, సూక్ష్మజీవులకు డీఎన్‌ఏ త్వరగా క్షీణిస్తుంది గనుక ఆ మడుగు చెప్పేది ఇటీవలి రోజుల సంగతే. కానీ రాలిన ఆకులు కుళ్లిన నీటిలోని పదార్థాలు పీసీఆర్‌ను అడ్డుకోవచ్చు కాబట్టి, ఏమీ దొరకలేదన్న ఫలితాన్ని ఏ ప్రాణీ లేదన్న అర్థంలో తీసుకోకూడదు. నా అభిప్రాయంలో వానలు తగ్గి నీరు తేటపడ్డాక ఒకసారి, మడుగులు మిగిలినప్పుడు మరోసారి నమూనాలు తీయడం మన ప్రాంతానికి తగిన పద్ధతి. మేడారం జాతర సమయంలో జంపన్న వాగు నుంచి తీసిన నమూనాలో మనుషుల, కోళ్ల, మేకల డీఎన్‌ఏయే ముంచెత్తుతుందని వేరే చెప్పనక్కరలేదు.

ఇంకొక ముఖ్యమైన విషయం జాతుల అక్షరక్రమాల భాండాగారం. నీటిలో దొరికిన అక్షరక్రమం ఎవరిదో తేలాలంటే, ఆ జాతి అక్షరక్రమం ముందుగా నమోదై ఉండాలి. లేకపోతే యంత్రం ఎంత గొప్పదైనా దానిని దగ్గరి బంధువు పేరుకు అంటగడుతుంది, లేదా గుర్తించకుండా వదిలేస్తుంది. కొర్రమీను, వాలుగ వంటి పేరున్న చేపలకు ఈ ఇబ్బంది అంతగా ఉండకపోవచ్చు. అడవి వాగుల్లోని చిన్న చేపల మాటే వేరు. ఏ చేప ఏ మడుగులో, ఏ కార్తెలో దొరుకుతుందో తరతరాలుగా ఎరిగిన ముదిరాజులు, గంగపుత్రులు ఈ పనిలో తొలినాటి నుంచీ భాగస్వాములు కావాలి. వారు గుర్తించి ఇచ్చిన చేప రెక్క ముక్క ఒక్కటి భద్రపరిచినా, ఆ తర్వాత తీసే ప్రతి నమూనాకూ అది ఆధారమవుతుంది.

చేపలు ఎన్ని ఉన్నాయో, ఏ వయసువో ఈ పద్ధతి నికరంగా చెప్పలేదు. చచ్చిన చేప జాడనూ బతికిన చేప జాడనూ వేరు చేయలేదు. సంతలో చేపలు కడిగిన నీరు వాగులో కలిస్తే ఆ చేపలు కూడా జాబితాలోకి ఎక్కుతాయి. పరికరాల నుంచి కూడా పరాయి డీఎన్‌ఏ చేరవచ్చు గనుక, నమూనాలతో పాటు శుద్ధజలాన్ని కూడా అదే విధంగా వడకట్టి, అలాంటి కల్తీ జరగలేదని నిర్ధారించుకోవడం తప్పనిసరి.

ఇన్ని పరిమితులున్నా, ఒక్క పనికి మాత్రం దీనిని వెంటనే వాడాలని నేనంటాను. ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ పెంపకాన్ని మన దేశంలో 2000లోనే నిషేధించినా దొంగచాటు పెంపకం ఆగలేదు. చెరువు మత్తడి దూకినప్పుడు అది వాగులోకి జారుకుంటే స్థానిక చేపలను తినేస్తుంది. వలకు చిక్కేంతగా పెరిగి విస్తరించాక దానిని తొలగించడం దాదాపు అసాధ్యం. కేవలం ఆ ఒక్క జాతినే వెతికే పరీక్షకు అన్ని జాతులనూ గుర్తించే పరీక్ష కంటే ఖర్చు తక్కువ. పాకాల చెరువులోకి వచ్చే వాగుల వద్ద, మత్తడి దిగువన ఏటా వానల తర్వాత ఈ పరీక్ష జరిపి, ఫలితాన్ని చుట్టుపక్కల మత్స్య సహకార సంఘాలకు తెలుగులో అందజేస్తే, ఆ చేప కనిపించిన చోటనే దానిని పట్టి తీసేయడానికి వారికి వ్యవధి దొరుకుతుంది.