కాటన్ దొరకు దండ, మా బోదెలో నీళ్లు

మే 15న ఊళ్లో ఉన్నాను. పొద్దున్నే మైకు మోగుతుంటే ఎవరింట్లోనో పెళ్లనుకున్నా, తీరా సెంటర్లోకి వెళ్తే గోదావరి మీద ఆనకట్ట కట్టించిన ఇంగ్లీషు ఇంజనీరు కాటన్ దొర జయంతి. విగ్రహానికి బంతిపూల దండ, కొబ్బరికాయ, ఓ పదిహేను మంది జనం, వాళ్లలో సగం మంది ఫోన్లు పైకెత్తి. ఇరవై నిమిషాల్లో అంతా అయిపోయింది. విగ్రహం వెనకాలే కాలువ. మే నెల కదా, మరమ్మతుల కోసం కట్టేశారు, అడుగంతా పగుళ్లిచ్చిన బురద, అందులో ఎండిపోయిన గుర్రపుడెక్క, ఒక చెప్పు, రెండు ప్లాస్టిక్ డబ్బాలు. నీళ్లిచ్చిన మనిషికి ముందు దండ, వెనకాల చుక్క నీళ్లు లేని కాలువ. నవ్వొచ్చింది గానీ పక్కన పెద్దవాళ్లున్నారని ఆపుకున్నాను.

అక్కడి నుంచి ఇంటికి వచ్చే దారిలో కాలువ మీద చిన్న వంతెన ఉంది. దానికి ఒక శిలాఫలకం. నా చిన్నప్పుడు దాని ప్రారంభానికి జీపులొచ్చాయి, మా స్కూలు పిల్లలందర్నీ ఎండలో నిలబెట్టారు, చాక్లెట్లు ఇస్తామని చెప్పి ఇవ్వలేదు (ఈ విషయం మాత్రం నేను ఇప్పటికీ మర్చిపోలేదు). ఆ రోజు వచ్చిన పెద్దమనిషి పేరు ఫలకం మీద బంగారు రంగులో ఉండేది. ఇప్పుడు రంగు పోయింది, సగం అక్షరాలు పెచ్చులూడాయి, మిగతా సగం మీద ఎవరో పిడకలు కొట్టారు. వంతెన మటుకు బానే ఉంది.

నూట డెబ్భై ఏళ్లు దాటినా ఒక తెల్లదొర పేరు మా ఊళ్లో ముసలివాళ్ల నోటి నుంచి పిల్లల నోటి దాకా ఎందుకు నిలిచిపోయింది, ముప్పై ఏళ్ల కిందటి మన నాయకుడి పేరు పిడకల కిందికి ఎందుకు వెళ్లిపోయింది అని ఆ రాత్రి కరెంటు పోయి డాబా మీద పడుకున్నప్పుడు చాలాసేపు ఆలోచించాను. మంచివాళ్లు గుర్తుంటారు, చెడ్డవాళ్లు మరుగున పడతారు అనేది అంత సులువుగా ఒప్పుకోలేను. చాక్లెట్ల సంగతి పక్కన పెడితే ఆ వంతెన వేయించినాయన మరీ చెడ్డవాడేం కాదు.

కాటన్ కథ బడిలో అందరం చదువుకున్నదే. 1832-33 ప్రాంతంలో డొక్కల కరువు, 1839లో కోరంగి మీద విరుచుకుపడ్డ తుఫాను, పక్కనే అంత గోదావరి పారుతున్నా వరదొస్తే మునగడం, వానల్లేకపోతే ఎండడం. 1840లలో ఈయనొచ్చి నదంతా తిరిగి ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట కట్టొచ్చని లెక్కలేసి రాశాడు. మొదటి అంచనా 4.75 లక్షల రూపాయలు, చివరికి ఖర్చు దాన్ని చాలా దాటిపోయింది. ఈస్టిండియా కంపెనీవాళ్లు జాలిపడి ఒప్పుకున్నారని ఎవరైనా చెబితే నమ్మకండి, శిస్తు ఎంత పెరుగుతుందో లెక్క చూపించాడు కాబట్టి ఒప్పుకున్నారు.

నాకు నచ్చే భాగం వేరే ఉంది. ఆయన అడిగినంత మందిని పైనుంచి పంపలేదు. పంపిన కొద్దిమందిలోనూ చాలామందికి పని తనే నేర్పుకోవాలి. అయినా 1847లో మొదలెట్టేశాడు. మా ఆఫీసులో టీమ్‌లో ఒక్కరు తక్కువైతే చాలు, ప్రాజెక్టు ఎందుకు జరగదో చెప్పడానికి మూడు మీటింగులు పెడతాం, అందులో నేనూ ఉంటాను. గోదావరి అక్కడ నాలుగు పాయలు, మధ్యలో లంకలు, కింద రాయి తగలదు, అంతా ఇసుకే. ఇసుక మీద ఎలా కట్టాలన్నది ఆయన ఒక్కడి తెలివే కాదు. అంతకుముందు తంజావూరు వైపు కావేరి పనుల్లో ఉన్నప్పుడు చోళుల నాటి కల్లణై ఆనకట్ట చూసి నేర్చుకున్నాడు. లోతు తెలియని ఇసుకలో పునాది నిలబెట్టడం మాకు ఆ పాతకాలం వాళ్లే నేర్పారని ఆయనే రాసుకున్నాడు. ఆ మాట రాయడానికి అప్పటి దొరల్లో ఎంతమందికి మనసొప్పుతుంది?

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. పని నడుస్తుండగానే 1848లో ఆయనకు ఒళ్లు చెడి ఆస్ట్రేలియా వెళ్లిపోవాల్సి వచ్చింది. దాదాపు రెండేళ్లు పనిని నడిపింది కెప్టెన్ ఓర్. ఆయనకు మా ఊళ్లో విగ్రహం సంగతి అటుంచి, పేరు చెబితే గుర్తుపట్టేవాళ్లు కూడా లేరు. ఆనకట్ట పనిలో కాటన్‌కు కుడిభుజంలా ఉన్న వీణెం వీరన్న పేరు ధవళేశ్వరం చుట్టుపక్కల వాళ్లకు తెలుసు, మా వైపు ఎవరైనా సభలో చెబితే "అవునా?" అంటారు. కొండలోంచి రాళ్లు కొట్టి, మోసి, ఇసుకలో దిగేసిన వేల మంది కూలీల పేర్లు అసలు ఎక్కడా లేవు. 1852లో పూర్తయ్యేసరికి నాలుగు పాయల మీదా కలిపి దాదాపు 12 వేల అడుగుల కట్టడం. అంత పొడుగు గోడకు చివరికి ఒక్క పేరు మిగిలింది.

పోనీ కాటన్ ఎక్కడ చెయ్యి పెట్టినా ఇలాగే జరిగిందా అంటే అదీ లేదు. కర్నూలు నుంచి కడప దాకా తవ్విన కె.సి. కాలువ వెనక ఉన్నదీ ఈయన ఆలోచనే. 1860లలో ఒక ప్రైవేటు కంపెనీ తవ్వింది, గిట్టుబాటు కాలేదు, చివరికి 1882లో సర్కారు తీసుకోవాల్సి వచ్చింది. నాతో పనిచేసే కర్నూలు అతన్ని అడిగితే "కాటనా? మీ గోదావరోళ్ల దేవుడు కదా, మాకు సోషల్ పుస్తకంలో ఉంటాడు" అన్నాడు. మనిషి ఒక్కడే, పట్టుదల ఒక్కటే, ఒకచోట దేవుడు, ఇంకోచోట సోషల్ పుస్తకం. దేశానికి రైళ్ల కన్నా కాలువలు ముఖ్యమని జీవితాంతం పోట్లాడాడు కూడా. 1878లో, డెబ్భై అయిదేళ్ల వయసులో, బ్రిటిష్ పార్లమెంటు కమిటీ ముందు కూర్చుని ప్రశ్నలు ఎదుర్కొన్నాడు. ఆ వాదనలో ఓడిపోయాడనే చెప్పాలి. మా ఊళ్లో మాత్రం ఆ ఓటమి గురించి ఎవరికీ తెలియదు, తెలుసుకోవాల్సిన అవసరమూ లేదు. వాళ్లకు సార్వా (వానాకాలం పంట) పండిందా, దాళ్వాకు (రెండో పంటకు) నీళ్లిస్తారా అన్నదే లెక్క.

స్నానం చేసేటప్పుడు చెప్పే సంకల్పంలో ఆయన్ను తలచుకునే శ్లోకం ఒకటుంది, నిత్యం గోదావరి స్నానపుణ్యం ఇచ్చిన ఆంగ్లదేశపు భగీరథుడని. మా అమ్మమ్మ పంపు కింద బకెట్ పెట్టుకుని చదివేది. ఆవిడకు ఆనకట్ట ఎన్ని అడుగులో తెలియదు, జన్మలో ధవళేశ్వరం చూసిందో లేదో కూడా అనుమానమే. అయినా పొద్దున్నే మొదటి చెంబు నీళ్లు ఆయన పేరు మీద పడేవి. అది జీపులేసుకొచ్చి రాయి పాతితే వచ్చేది కాదు. అలాగని ఎక్కువ కష్టపడ్డవాడికి వస్తుందా అంటే, ఓర్‌కు రాలేదు కదా.

మా తాతగారు లాకుల దగ్గర లస్కరు. బయటి ఊళ్ల వాళ్లకు చెప్పాలంటే, కాలువ షట్టర్లు ఎత్తడం, దించడం, గట్టుకు గండి పడకుండా చూడడం, వంతులవారీ పెట్టినప్పుడు ఎవరి వంతులో ఎవరు దొంగతనంగా తూము లేపారో కనిపెట్టడం. మాది శివారు ఊరు, పైవాళ్లందరికీ తడిశాక మిగిలితేనే మాకు. దాళ్వాలో పొట్టకొచ్చిన చేను ఎండుతుంటే రాత్రి రెండింటికి లాంతరు పట్టుకుని గట్టంట నడిచేవారట. ఆయన చేతులు నాకు బాగా గుర్తు. షట్టర్ తిప్పే ఇనుప పిడి ఒరుసుకుని ఒరుసుకుని అరచేతుల్లో బొటనవేలి కింద చర్మం గట్టిపడి నల్లగా, గీస్తే చప్పుడొచ్చేలా ఉండేది. నా బుగ్గ నిమిరితే గరుకుగా తగిలేది. "ధవళేశ్వరంలో దొర కట్టాడు సరే, ఇక్కడ నేను తిప్పకపోతే నీ పళ్లెంలోకి అన్నం రాదు" అనేవారు, గొప్పకు కాదు, నేను అన్నం వదిలేసినప్పుడల్లా. పాత ఆనకట్ట స్థానంలో 1970లో మొదలెట్టి 1982కి పూర్తి చేసిన బ్యారేజీకి 175 గేట్లు. దానికీ మళ్లీ కాటన్ పేరే. గేట్లు తిప్పినవాళ్ల పేర్లు పాత మస్టర్లలో ఉంటాయేమో, ఏ అటక మీదో.

జూన్ మొదటి వారంలో కౌలు కాగితాల పని మీద మళ్లీ ఊరెళ్లాను. కాలువలు వదిలారని అప్పటికే ఊళ్లో అందరూ చెప్పుకుంటున్నారు గానీ మా చేలోకి నీళ్లు తెచ్చే పిల్లకాలువ, మా బోదె, ఇంకా ఎండే. బండేసుకుని లాకుల దాకా వెళ్లాను. తాతగారు నిలబడే చోటే ఒక కుర్రాడు, ముప్పై ఏళ్లు కూడా ఉండవు, బనీను చెమటతో తడిసి, షట్టర్‌కు అడ్డం పడ్డ గుర్రపుడెక్కను గడకర్రతో లాగుతున్నాడు. కాంట్రాక్టు మీద చేస్తున్నాడట, రెండు నెలలుగా జీతం రాలేదన్నాడు, చెప్పడంలో కోపం కూడా లేదు, వాన పడలేదన్నట్టు చెప్పాడు. మా వైపు ఎప్పుడొస్తాయని అడిగితే కాలువలోకి ఓసారి చూసి, "రేపు సాయంత్రానికి వచ్చేస్తాయండి, ఈ చెత్త తీసేస్తే ఇంకా ముందే" అన్నాడు. నేనూ కాసేపు చెయ్యి వేశాను, పది నిమిషాలకే నడుం పట్టేసింది, అతను నవ్వి కర్ర తీసేసుకున్నాడు.

మర్నాడు మధ్యాహ్నానికే నీళ్లొచ్చాయి. ముందు నురగ, దాని వెనక ఎండుటాకులు, తర్వాత ఎర్రటి కొత్తనీరు, బోదె పగుళ్లలోకి చుయ్యిమంటూ ఇంకుతూ మా చేను దాకా. పిల్లలు చెప్పులు చేత్తో పట్టుకుని దాని ముందు పరిగెత్తారు. సాయంత్రం బస్సులో హైదరాబాద్ బయల్దేరి రావులపాలెం దాటాక గుర్తొచ్చింది, ఆ కుర్రాడి పేరు అడగనే లేదు.