కంచె లోపలి గడ్డి

ఈ వారం మళ్లీ మోకాళ్ల మీద కూర్చున్నాను. అర మీటరు భుజమున్న చదరపు చట్రాన్ని నేల మీద పెట్టి, అందులో ఎన్ని రకాల మొక్కలున్నాయో ఒక్కొక్కటే వెతికి రాసుకోవడం నా పని. పచ్చికను నిలబడి చూస్తే అంతా గడ్డే. వంగి ఆకుల్ని వేళ్లతో పక్కకు తీస్తేనే మిగతావి బయటపడతాయి: నేలకు అతుక్కున్న ఆకుల గుత్తి, దారంలాంటి కాడతో పాకే తీగ, ఇంకా రెండాకుల దగ్గరే ఉన్న మొలక.

నేను లెక్కపెట్టే బయలులో రెండు రకాల నేలలున్నాయి. పల్లంలో లోతైన నల్లటి మట్టి. మిట్ట మీద జానెడు లోతు కూడా లేని గులక నేల. రెండు చోట్లా మేసేది ఒకే మంద. పశువులు దూరకుండా రెండు చోట్లా చిన్న కంచెలు వేశాం. మొక్కల్ని కాపాడుతున్నామనే నమ్మకంతోనే వేశాను.

పల్లంలో రెండేళ్లకే కంచె లోపలి గడ్డి నడుము దాకా లేచింది. చూడటానికి ఎంతో బాగుంది. దాన్ని విడదీసి చూస్తే అడుగున పాత ఎండుగడ్డి తడిసి చాపలా పరుచుకుని ఉంది. చాప ఎత్తితే తెల్లబారిన కాడలు, బూజు వాసన. అంతకుముందు రాసుకున్న చిన్న మొక్కల్లో సగం లేవు. కంచెకు అవతల, మంద కొరికి పొట్టి చేసిన చోట, అవే మొక్కలు ఎండలో పూలు పూస్తున్నాయి. ఆ రోజు చాలాసేపు లేవలేకపోయాను.

మిట్ట మీద ఇందుకు పూర్తిగా విరుద్ధం. కంచె లోపలే ఎక్కువ రకాలున్నాయి. బయట మిగిలినవి ముళ్లున్నవి, చేదువి, మరీ నేలబారువి.

మంద ఒకటే, కాలం ఒకటే. తేడా అంతా మట్టిలో ఉంది. బలమైన నేలలో మొక్కల పోటీ వెలుతురు కోసం. పొడుగ్గా ఎదిగింది పొట్టిదాన్ని నీడలో ముంచేస్తుంది. పశువు ఆ పొడుగును కొరికినప్పుడు వెలుతురు నేల దాకా దిగుతుంది. గడ్డికి కూడా పెద్ద నష్టం లేదు, దాని ఎదిగే మొన కాండం మొదట్లో, పళ్లకు అందనంత కింద ఉంటుంది. పేద నేలలో పోటీ నీటి కోసం, పోషకాల కోసం. అక్కడ ఒక్క ఆకు పోయినా మళ్లీ వేయడం మొక్కకు భారం. మెత్తనివి, రుచైనవి కోలుకోలేక ముందుగా తప్పుకుంటాయి.

2014లో వెలువడిన ఒక పరిశోధన ఆరు ఖండాల్లోని 40 పచ్చిక బయళ్లను పోల్చింది. ఎరువు వేస్తే రకాలు తగ్గాయి. మేసే జంతువుల వల్ల నేల మట్టానికి వెలుతురు పెరిగిన చోట మాత్రం రకాలు నిలిచాయి. అది చదివినప్పుడు నాకు ఆ తడిసిన చాపే కళ్ల ముందు మెదిలింది.

మేత ఊసు లేకుండా మట్టి ఒక్కటే ఎంత చేయగలదో చూడాలంటే ఇంగ్లండులోని రోథమ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధన కేంద్రం ఉంది. అక్కడి గడ్డి మైదానంలో 1856 నుంచి ఒక్కో మడికి ఒక్కో ఎరువు వేస్తూ వస్తున్నారు. ఏ విత్తనమూ చల్లలేదు. ఏమీ వేయని మడుల్లో పదుల కొద్దీ జాతులున్నాయి. సున్నం లేకుండా అమ్మోనియం సల్ఫేట్ ఏటా పడిన మడుల్లో నేల ఆమ్లంగా మారి వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్ని గడ్డి జాతులే మిగిలాయి.

నన్ను ఎక్కువగా కలచివేసే ఉదాహరణ కాలిఫోర్నియాది. శాన్ హోసే దక్షిణాన సర్పెంటైన్ రాతి నేలలున్నాయి. కాల్షియం, నత్రజని తక్కువ, మెగ్నీషియం ఎక్కువ. ఆ పేదరికమే అక్కడి స్థానిక పూల మొక్కలకు రక్ష, బయటి నుంచి వచ్చిన గడ్డి ఆ నేలలో బతకలేదు. కార్ల పొగలోని నత్రజని గాలి నుంచి ఆ నేల మీద పడుతూ రావడంతో, బయటి నుంచి వచ్చిన రై గడ్డి అక్కడా కమ్ముకుంది. మేత ఆపిన చోట్ల ఆ గడ్డి ప్లాంటాగో అనే చిన్న స్థానిక మొక్కల్ని ఊపిరాడకుండా చేసింది. వాటి ఆకులు తిని పెరిగే బే చెకర్‌స్పాట్ సీతాకోకచిలుకల సంఖ్య కుప్పకూలింది. మేత సాగిన చోట అవి నిలిచాయి. పశువుల్ని తరిమితే ప్రకృతి దానంతట అదే బాగుపడుతుందని ఎవరైనా ధీమాగా అంటే ఈ కథ చెప్పకుండా ఉండలేను.

అలాగని మంద చేసేదంతా మేలు కాదు. నీళ్ల తొట్టి చుట్టూ గిట్టలు తొక్కిన నేలలో నా కత్తి అంగుళం కూడా దిగదు. వాన పడితే నీరు ఇంకక పైనే నిలుస్తుంది. అక్కడ నేలకు పరుచుకునే ఆకులున్న మొక్కలే బతుకుతాయి. మూత్రం పడిన చోట నత్రజని ఒక్కసారిగా పెరిగి గడ్డి ముదురు ఆకుపచ్చగా లేస్తుంది, గాలిలోని నత్రజనిని పట్టే వేరు బుడిపెలున్న చిక్కుడు జాతి మొక్కలు వెనక్కి తగ్గుతాయి. పేడ చుట్టూ గడ్డిని పశువులు కొన్ని వారాలు ముట్టవు, పైగా ఆ పేడలోంచే విత్తనాలు మొలుస్తాయి. నాలుగు అడుగుల మేర నాలుగు రకాల నేల తయారవుతుంది. ఆ అతుకులంటే నాకు ఎంతో ఇష్టం, చట్రం అక్కడ పెట్టినప్పుడే పట్టిక నిండుతుంది.

పల్లంలోని కంచెకు ఈ ఏడాది ఒక పక్క తలుపు తీశాం, గడ్డి ఏపుగా ఎదిగే నెలల్లో మంద లోపలికి వస్తుంది. మిట్ట మీది కంచె మూసే ఉంది. నిన్న పల్లంలో ఆ ఎండుగడ్డి చాప చిరిగిన చోట వంగి చూశాను. గిట్ట ముద్ర అంచున, మట్టి రంగులోనే, మూడాకుల మొలకలు రెండు. చట్రం వాటి మీద పెట్టి రాసుకున్నాను.